ఈకోని జీపు చెయ్యకండి

మీ ఇంటి ముందు ఒక మారుతీ ఈకో ఉంది. లేకపోతే మామగారు వాడి వదిలేసిన పాత ఓమ్నీ ఉంది. పొద్దున పిల్లలు బడికి, మధ్యాహ్నం కొట్టుకి సరుకు, ఆదివారం సింహాచలం. కార్తీకం వచ్చేసరికి ఫోన్ నిండా వంజంగి మేఘాలు, అరకు వలిసె పూలు, లంబసింగి మంచు. హోటల్ గది అద్దె చూస్తే గుండె జారుతుంది. థార్ కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. అప్పుడు వస్తుంది ఆ ఆలోచన: ఈ బండినే కాస్త ఎత్తు లేపి, లావు టైర్లు వేసి, పైన క్యారియర్ బిగించి, లోపల మంచం కొట్టించుకుంటే?

ఆలోచన మంచిదే. దాన్ని ఆపడానికి నేను రాలేదు. కాకపోతే పని మొదలుపెట్టే వరసలోనే చాలామంది బోల్తా పడతారు. కొందరు నిజంగానే.

మెకానిక్ దగ్గరకు వెళ్లేముందు ఒక కాగితం తీసి, మీరు చూడాలనుకుంటున్న చోట్లు రాయండి. శృంగవరపుకోట, అనంతగిరి, సుంకరిమెట్ట, అరకు. అక్కణ్నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, ఆపైన లంబసింగి. ఇదంతా తారు రోడ్డే. విస్తరణ పనులున్న చోట మాత్రం దుమ్ము, గుంతలు, కంకర. చాపరాయి, తాజంగి జలాశయం, జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతం, వీటి దగ్గరదాకా మామూలు కారే పోతుంది. ఒడిశాలోకి దాటితే దేవమాలి ఉంది. 1,672 మీటర్ల ఆ కొండకు పైదాకా రోడ్డు వేశారు. మరి ఆఫ్‌రోడ్ ఎక్కడుంది? ఊరు దాటాక జలపాతం దాకా ఉండే ఆఖరి రెండు కిలోమీటర్లలో ఉంది. రాత్రి బండి నిలుపుకోవడానికి మీరు దిగే ఎర్రమట్టి బాటలో ఉంది. వాగు దాటే ఆ పది గజాల్లో ఉంది.

బొర్రా దగ్గర కటికి జలపాతానికి జీపుల్లో తీసుకెళ్తారు. అక్కడి జీపు డ్రైవర్ని మీరు అడిగారనుకోండి:

"బాబూ, మా ఈకో ఎక్కుద్దా?"

"ఎక్కుద్దండీ. దిగడమే కష్టం."

ఈ అధ్యాయమంతా ఆ జవాబు చుట్టూనే తిరుగుతుంది. మీ వ్యాన్‌ని జీపుగా మార్చే డబ్బుతో దాన్ని ఒక మంచి వ్యాన్‌గా ఉంచండి. ఆ రెండు కిలోమీటర్లకు జీపు అద్దెకు తీసుకోండి, లేదా నడవండి. ఆ జీపు కిరాయి అక్కడి కుటుంబానికి చేరుతుంది. మీ ఇంజిన్ ఆయిల్ సంపు చిల్లు పడదు.

మీ బండికి పుట్టుకతో వచ్చిన బలం

మీ బండిని తక్కువ అంచనా వేయకండి. మారుతీ వ్యాన్ 1984లో వచ్చింది. 796 సీసీ ఇంజిన్‌తో, తర్వాత ఓమ్నీ అనే పేరుతో 2019 దాకా తయారైంది. ఈకో 2010 జనవరిలో వచ్చింది. రెండింటికీ ఇంజిన్ ముందు సీట్ల కింద, తిప్పే చక్రాలు వెనక. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, వెనక చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది. ముందు చక్రాలు తిరిగే చిన్న కార్లు తడి ఎత్తు మీద టైరు కాల్చుకుంటూ నిలబడిన చోట ఇవి మెల్లగా ఎక్కేస్తాయి. 2004 నుంచి యూరప్‌లో మంగోల్ ర్యాలీ అని ఒకటి జరుగుతోంది. అందులో పోటీ ఏమీ లేదు, చిన్న ఇంజిన్ల పాత కార్లలో మంగోలియా వైపు పోవడమే సరదా. చిన్న బండి దూరం పోగలదా అన్న అనుమానం ఎప్పుడో తీరిపోయిందన్నమాట.

బలహీనతలు కూడా తెలుసుకోండి. ఈకో వెడల్పు 1,475 మిల్లీమీటర్లు, ఎత్తు 1,825. అంటే వెడల్పు కంటే ఎత్తు అడుగు పైనే ఎక్కువ. నేలకూ బండి పొట్టకూ మధ్య ఖాళీ 160 మిల్లీమీటర్లు, మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా మీ చెయ్యి పొడవుకు కాస్త తక్కువ. ఇంకొకటి: ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, పెట్రోల్ ఇంజిన్ ప్రతి మూడొందల మీటర్లకు సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలికొండ దగ్గర ఇంకా ఎత్తు. విశాఖ బీచ్ రోడ్డులో హుషారుగా పరిగెత్తిన బండి అనంతగిరి మలుపుల్లో మూలిగితే కంగారు పడకండి, గేరు తగ్గించండి.

ఇక పనిలోకి దిగుదాం.

1. మొదట కాటా వేయించండి

బండిలో ఏమీ బిగించకముందే ఒకసారి, అన్నీ సర్దుకుని మనుషులు ఎక్కాక ఒకసారి కాటా మీదికి ఎక్కించండి. కంపెనీ పుస్తకంలో మొత్తం బరువు ఎంత మించకూడదో రాసి ఉంటుంది. దాంతో పోల్చుకోండి. ఎందుకింత పట్టుదల అంటారా? లెక్క చూడండి. ఎనిమిదడుగులు నాలుగడుగుల ప్లైవుడ్ షీటు 18 మిల్లీమీటర్లదైతే 35 కిలోల దాకా తూగుతుంది. వడ్రంగి మీ మంచానికి, బీరువాకు రెండు షీట్లు వాడాడా, బండిలోకి ఇంకో మనిషి ఎక్కి కూర్చున్నట్టే. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు పెడితే నలభై కిలోలు. పైన ఇనప క్యారియర్, దాని మీద ఇంకో స్టెప్నీ. నలుగురు మనుషులు ఎలాగూ ఉన్నారు. ఇంత బరువుతో మీరు దిగబోయేది ఘాట్ రోడ్డు.

2. బ్రేకుల మీద ముందు ఖర్చు పెట్టండి

2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగొస్తున్న హైదరాబాద్ పర్యాటకుల బస్సు డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. ఆ రోడ్డే మీ రోడ్డు. కాబట్టి మీ దగ్గర వంద రూపాయలుంటే అందులో యాభై బ్రేకులకు, టైర్లకు తీసి పక్కన పెట్టండి. మంచం, లైట్లు, స్టిక్కర్లు, మిగిలిన యాభైలో చూసుకుందాం.

ఏం చేయించాలి? ముందు ప్యాడ్లు, వెనక డ్రమ్ములో లైనింగులు విప్పించి కళ్లతో చూడండి. "బాగానే ఉన్నాయి సార్" అన్న మాట సరిపోదు. తర్వాత బ్రేక్ ఆయిల్. దీన్ని మనవాళ్లు తగ్గితే కలుపుతారు తప్ప మార్చరు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. వరసగా మలుపులు దిగుతూ బ్రేకు నొక్కి పట్టుకుంటే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. మరిగిన ఆయిల్లో బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మొత్తం ఆయిల్ తీసి కొత్తది పోయించండి. ఖర్చు పెద్దగా ఉండదు.

దిగేటప్పుడు పాటించాల్సింది లారీ డ్రైవర్లందరికీ తెలిసిందే: ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. రెండో గేరులో ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. మీ పాదానికి పని తగ్గుతుంది. పెట్రోల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లున్నారు. ఈకో లాంటి ఇంజెక్షన్ బండిలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే పెట్రోల్ పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికి పెట్రోల్ తాగుతుంది. ఇక ఆదా ఏముంది?

కాలిన వాసన వస్తే వెడల్పైన చోటు చూసి ఆపండి. చక్రం కింద చెక్క దిమ్మె పెట్టండి. నీళ్లు చల్లకండి. ఓ అరగంట కాఫీ తోటలు చూడండి.

3. టైరు సైజు కంటే వయసు చూడండి

టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. సిటీలో తక్కువ తిరిగే వ్యాన్లకు టైరు అరగదు, కానీ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. గాడి బాగుందని మోసపోతాం. ఆరేళ్లు దాటినవాటిని కొండకు తీసుకెళ్లకండి. స్టెప్నీ కూడా అదే లెక్కలో చూడండి.

లావు టైర్ల సంగతి? మీ బండికి 155 ఆర్13 టైరు ఉందనుకుందాం. దాని బదులు 165/80 ఆర్13 వేశారు. టైరు మొత్తం వ్యాసం పెరిగేది సుమారు 16 మిల్లీమీటర్లు. నేల నుంచి బండి ఎత్తు పెరిగేది అందులో సగం, 8 మిల్లీమీటర్లు. మీ చిటికెన వేలు మందం కూడా కాదు. దానికోసం స్టీరింగ్ బరువు, పికప్ నష్టం, చక్రం గూటికి రాసుకోవడం. అదే సైజులో, బరువు మోసే సామర్థ్యం తగ్గకుండా, దిమ్మెల్లాంటి గాడి ఉన్న కొత్త టైర్లు నాలుగు కొనుక్కోండి.

అసలు మంత్రం గాలిలో ఉంది. మట్టిబాటలోకి దిగేముందు టైర్లలో గాలి పావు వంతు తగ్గించండి. టైరు నేలను వెడల్పుగా పట్టుకుంటుంది, రాళ్ల దెబ్బ మెత్తబడుతుంది. ఆ గాలితో గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటకండి. తారు ఎక్కగానే మళ్లీ కొట్టుకోండి. అందుకు 12 వోల్టుల చిన్న కంప్రెసర్, గాలి కొలిచే గేజీ కొనుక్కోండి. ఈ అధ్యాయంలో నేను కొనమంటున్న వస్తువుల్లో దేన్నైనా వదిలేయండి, ఈ రెండింటిని వదలకండి.

4. పొట్టకు కవచం, కానీ పలచగా

ఇంజిన్ సంపు కింద మూడు మిల్లీమీటర్ల ఇనప రేకు గార్డు చాలు. చదరపు మీటరు రేకు 23 కిలోల పైన తూగుతుంది కాబట్టి బండి పొట్టంతా కప్పించకండి. ఆయిల్ తీసే బోల్టు అందేలా కంత పెట్టించండి, గాలి ఆడటానికి సందులు ఉంచండి. సైలెన్సర్ పైపు వేలాడే క్లాంపులు, రబ్బర్లు కొత్తవి వేయించండి. గుంతల్లో మొదట ఊడేది అదే.

5. "రెండంగుళాలు లేపేద్దామా సార్?"

మెకానిక్ ఈ మాట అంటాడు. స్ప్రింగుల కింద స్పేసర్లు పెడితే బండి ఫార్చూనర్‌లా నిలబడుతుందని కూడా అంటాడు. నిలబడుతుంది. మలుపులో ఎలా ఉంటుందన్నదే ప్రశ్న. అసలే వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ ఉన్న బండి అది. లేపేకొద్దీ ఒరిగే గుణం పెరుగుతుంది. వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు మారి క్రాసులు తొందరగా అరుగుతాయి.

దాని బదులు ఇలా చేయండి. పాత బండి స్ప్రింగులు ఏళ్ల బరువుకు కుంగిపోయి ఉంటాయి. కొత్త కంపెనీ స్ప్రింగులు, కొత్త షాకులు వేయిస్తే పోయిన ఎత్తు తిరిగొస్తుంది. ఓమ్నీకి వెనక ఉండేవి కమాను పట్టీలు. విరిగిన పట్టీ, అరిగిన బుష్షులు మార్పించండి. బరువు మోస్తుందని అదనంగా పట్టీలు పేర్పించారా, ఖాళీ బండి గుంతలో ఎగిరెగిరి పడుతుంది, గాల్లో ఉన్న టైరు బ్రేకు వెయ్యదు.

ఇక్కడే చట్టం సంగతి కూడా చెప్పుకుందాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో ఇలాంటి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాశారు. ముందు బిగించే ఇనప బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. వెనక సీటు పీకేసి తిరగడం చాలామంది చేస్తారు. ఆర్సీలో అయిదు సీట్లని ఉంటే బండిలో అయిదూ ఉండాలి. పూర్తి కారవాన్ చేయించాలంటే దానికి వేరే ప్రమాణాలు, వేరే అనుమతులు. మన బడ్జెట్‌లో అది లేదు. కాబట్టి నియమం ఒకటే పెట్టుకోండి: అరగంటలో విప్పలేని వస్తువేదీ బండిలో ఉండకూడదు. చెకింగ్‌కీ అదే మంచిది, రేపు బండి అమ్ముకోవడానికీ అదే మంచిది. ప్రమాదం జరిగాక బీమావాళ్లు అడిగే ప్రశ్నలకూ అదే జవాబు.

6. మంచం: ప్లైవుడ్ కాదు, నవారు

మన తాతల ఇళ్లలో నవారు మంచాలుండేవి. తేలిక, గాలి ఆడుతుంది, వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు. వ్యాన్‌కి అంతకంటే మంచి మంచం నాకు కనిపించలేదు. పలచని అల్యూమినియం గొట్టాలతో రెండు ముక్కల ఫ్రేము చేయించి నవారు అల్లించండి. వెనక సీటు వీపు ఎంతవరకు వాలుతుందో, మడతపడుతుందో చూసి ఆ ఎత్తుకు కాళ్లు పెట్టించండి. పగలు ఒకదాని మీద ఒకటి పేర్చి పక్కకు కట్టేస్తారు, రాత్రి పరుస్తారు. ముందు సీటు వెనక నుంచి డిక్కీ తలుపు దాకా టేపుతో కొలవండి. పొడగరి అయితే ఏటవాలుగా పడుకోవాల్సి వస్తుంది. అది ముందే తెలుసుకోవడం మేలు.

సామాను పెట్టుకోవడానికి బీరువాలు కొట్టించకండి. పండ్ల మార్కెట్‌లో వాడే ప్లాస్టిక్ ట్రేలు నాలుగు తెచ్చుకోండి. వంటకొకటి, బట్టలకొకటి, పనిముట్లకొకటి, తిండికొకటి. నవారు మంచం కింద తోసి, బెల్టుతో బిగించండి. బెల్టు ముఖ్యం. మలుపులో వెనకనుంచి ఎగిరొచ్చే గ్యాస్ స్టవ్ మీ తలకు తగలకూడదు.

కరెంటు విషయంలో పెద్ద పెద్ద ఊహలకు పోకండి. రెండు ఎల్ఈడీ బల్బులు, ఒక 12 వోల్టుల ఫ్యాను, ఫోన్లు. రాత్రికి అంతా కలిపి 200 వాట్ అవర్ల లోపే. 12.8 వోల్టుల 30 ఆంప్ అవర్ లిథియం బ్యాటరీలో 384 ఉంటాయి. పగలు బండి నడుస్తుంటే డైనమో నుంచి సరైన ఛార్జర్ ద్వారా నిండుతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. బండి స్టార్ట్ చేసే బ్యాటరీ మీద మాత్రం ఫ్యాను వేసుకోకండి, తెల్లారి నలుగురిని పిలిచి తోయించుకోవాలి. సోలార్ పలక? డిసెంబర్‌లో పొద్దున పదింటి దాకా మంచు వీడని లోయలో దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

7. కిటికీ మూయకండి, కుంపటి పెట్టకండి

దీన్ని రెండుసార్లు చదవండి. లంబసింగిలో చలి ఒక్కోసారి సున్నా డిగ్రీల దగ్గరకు వస్తుంది. రాత్రి రెండింటికి వణుకు పుట్టినప్పుడు బుర్రకు తోచేది ఏమిటి? ఇంజిన్ ఆన్ చేసి హీటర్ పెట్టుకోవడం. లేదా బయట నెగడులోని నిప్పులు ఓ తట్టలో లోపల పెట్టుకోవడం. రెండూ ప్రాణం తీస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోంచి లేపదు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రావడమే కారణమని తేలింది. అది లక్షల ఖరీదు చేసే కారవాన్.

రగ్గులు ఇంకో రెండు వేసుకోండి. ఉన్ని టోపీ, సాక్సులు. రెండు వైపులా కిటికీలు ఒక అంగుళం తెరిచి దోమతెర గుడ్డ బిగించండి. లేకపోతే ఇద్దరి ఊపిరికే తెల్లారేసరికి అద్దాలన్నీ కారుతుంటాయి. దోమతెర అలంకారం కోసం చెప్పడం లేదు. ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ ఉంది. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే "అరకు వెళ్లొచ్చాం" అని డాక్టరుకు చెప్పండి. వంట ఎప్పుడూ బయటే, డిక్కీ తలుపు కింద.

8. చెక్‌పోస్టు దగ్గర మీ బండి ఎలా కనిపిస్తుంది?

విశాఖ నుంచి వచ్చిన కొత్త దంపతులు అనుకోండి. మంచం కింద అందంగా అరలు చేయించారు. బయటికి కనపడకుండా రహస్య లాకర్ ఒకటి, కెమెరా దాచుకోవడానికి. పాడేరు నుంచి దిగుతుంటే పోలీసులు ఆపారు. "ఇది తెరవండి." "అదేమీ లేదు సార్." ఇంకేముంది, గంటన్నర.

ఈ కొండల నుంచి గంజాయి కిందికి దింపడానికి దుండగులు వాడే పద్ధతే రహస్య అర. వాళ్లను పట్టుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఈగల్ అనే ప్రత్యేక విభాగాన్నే పెట్టింది. లోపల మార్పులు చేసిన వ్యాన్ కనిపిస్తే ఆపడం పోలీసుల పని. కాబట్టి దాపరికం అరలు వద్దు, అన్నీ తెరిచి చూపగలిగే ట్రేలే. ఆర్సీ, బీమా, పొల్యూషన్ కాగితం చేతికందేలా ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం: "అన్నా, ఈ సంచి నర్సీపట్నంలో మావాడికి ఇచ్చెయ్యవా?" అని ఎవరడిగినా, ఎంత మంచిగా అడిగినా, తీసుకోవద్దు. 20 కిలోలు దాటిన గంజాయి చట్టం లెక్కలో వాణిజ్య పరిమాణం. పదేళ్లకు తగ్గని శిక్ష. సంచిలో ఏముందో తెలియదని మీరన్నా, అది కోర్టులో నిరూపించుకోవాల్సింది మీరే.

9. ఎర్రమట్టి, వాగు: దిగి నడిచి చూడండి

ఎండలో గట్టిగా ఉండే ఇక్కడి ఎర్రమట్టి వాన పడిందంటే సబ్బులా జారుతుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా తారు దిగకపోవడమే తెలివి. అక్టోబర్, నవంబర్లలో తుఫాను కబురుంటే అసలు కొండే ఎక్కకండి. రాళ్లు జారి ఘాట్ మూసేస్తారు.

పొడి కాలంలోనూ బాటలోకి బండి దించేముందు ఒకరు దిగి నడవండి. మలుపు అవతల బండి తిప్పుకునే చోటు ఉందా? లేకపోతే దిగకండి, వెనక్కి ఎక్కించడం నరకం. వాగైతే కర్రతో లోతు చూడండి. చక్రం మధ్య బోల్టుల దాకా నీళ్లు వచ్చాయంటే ఆ వాగు మీది కాదు. నీళ్లు ఎర్రగా మారుతుంటే పైన వాన పడిందని అర్థం, అవతలి గట్టున ఇరుక్కుపోతారు.

కూరుకుపోయారా? చాలామంది చేసే తప్పు యాక్సిలరేటర్ నొక్కడం. చక్రం తిరిగేకొద్దీ గొయ్యి లోతవుతుంది. ఆపండి. మనుషుల్ని దింపండి. చక్రం ముందు మట్టి పారతో తీయండి, తడి గోనె సంచులు పరవండి, గాలి ఇంకాస్త తగ్గించండి, రెండో గేరులో మెల్లగా కదపండి. విదేశీ ప్లాస్టిక్ పలకలు కొనాల్సిన పని లేదు. రెండు గోనె సంచులు, ఒక పొట్టి పార, గట్టి తాడు, జాకీ కింద పెట్టుకోవడానికి ఒక చెక్క పలక, అంతే సరంజామా. ఊళ్లోవాళ్లు వచ్చి తోస్తే మర్యాదగా వాళ్ల కష్టానికి డబ్బులివ్వండి. వాళ్లు కూలి పని మానుకుని వచ్చి ఉంటారు.

పెట్రోల్ శృంగవరపుకోటలో నింపుకుని ఎక్కండి. తర్వాత అరకు, పాడేరుల్లో బంకులున్నాయి. సీఎన్‌జీ ఈకో అయినా పెట్రోల్ ట్యాంకు నింపుకోవాల్సిందే. సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి మ్యాపు ముందే ఫోన్లో దించుకోండి.

10. రాత్రి ఎక్కడ ఆపాలి?

ఖాళీగా, చదునుగా, శుభ్రంగా ఉన్న చోటు కనపడగానే ఆపేయకండి. నవంబర్, డిసెంబర్లలో అలా కనిపించేది చాలాసార్లు ఎవరో పేడతో అలికి సిద్ధం చేసుకున్న కళ్లం. లేదా కాఫీ పళ్లు ఆరబోసే చోటు. పొద్దున్నే వాళ్లకు అది కావాలి. అడవిలోకి పోయి ఆపడమూ వద్దు, అది అటవీశాఖ అనుమతి లేని చోటు. ఊళ్లోకి వెళ్లి పెద్దవాళ్లెవరినైనా అడగండి: "రాత్రికి ఇక్కడ బండి పెట్టుకోవచ్చా, పెద్దాయనా?" అరకు చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, కువి లాంటి భాషలు. తెలుగు నెమ్మదిగా, సూటిగా మాట్లాడండి. ఊరి బడి పక్కన, పంచాయతీ ఆఫీసు పక్కన చోటు చూపిస్తారు. వద్దంటే వెళ్లిపోండి.

బాటకు అడ్డంగా మాత్రం ఒక్క నిమిషం కూడా బండి పెట్టకండి. ఇంకా రోడ్డు లేని గూడేల నుంచి జబ్బుపడినవాళ్లను, నొప్పులొచ్చిన ఆడవాళ్లను డోలీలో మోసుకుని ఆ బాటమీదే తెస్తారు. బైకు అంబులెన్స్ వచ్చేదీ ఆ బాటమీదే. మీ ఫొటో కోసం వాళ్లు ఆగకూడదు.

ఊట దగ్గర గిన్నెలు తోమకండి, అది వాళ్లు తాగే నీళ్లు. థింసా ఆడిస్తారా అని అడగకండి, మీ ఊరొచ్చినవాళ్లు మిమ్మల్ని కోలాటం ఆడమంటే ఎలా ఉంటుంది? కూరగాయలు, పప్పులు విశాఖలోనే కట్టుకుని పోకండి. వారపు సంతలో కొనండి. పసుపు, మిరియాలు, రాజ్మా పిక్కలు అక్కడే దొరుకుతాయి. బండి ఎక్కేటప్పుడు తేలిగ్గా ఉంటుంది, డబ్బు కొండమీదే మిగులుతుంది.

ఇక బయల్దేరే ముందు

సరంజామా అంతా సిద్ధమయ్యాక నేరుగా వంజంగి పోవద్దు. మొదటి రాత్రి మీ ఇంటి ముందే, బండిలో పడుకోండి. నవ్వకండి. నవారు ఎక్కడ కుంగిందో, కాలు ఎక్కడ తగిలిందో, ఫ్యాను ఎన్ని గంటలకు ఆగిందో, దోమ ఏ సందులోంచి వచ్చిందో, పిల్లాడు రాత్రి రెండుసార్లు లేస్తే తలుపు ఎలా తీయాలో, అన్నీ తెల్లారేసరికి తెలుస్తాయి. మరుసటి వారం బరువంతా వేసుకుని అనంతగిరి దాకా ఎక్కి, రెండో గేరులో కిందికి దిగి రండి. బ్రేకు వాసన రాకపోతే, పెడల్ గట్టిగా ఉంటే, ఆ తర్వాతి శుక్రవారం బయల్దేరండి. ఏ ఒక్కటి తేడాగా అనిపించినా శృంగవరపుకోట దాటకండి, అది సరిచేయించుకున్నాకే దాటండి.